పోటీకి అనర్హులెవరు? సంఘాలకు తెలియవలసిన సంగతులు

ఎన్నికల ప్రకటన వెలువడగానే మన సంఘాల్లో ఒక ప్రశ్న లేస్తుంది. బాప్తిస్మం పొందినవారు ఎన్నికల్లో నిలబడవచ్చా? నిలబడితే నామినేషన్ చెల్లుతుందా? ఆరాధన ముగిశాక మందిరం బయట వినిపించే జవాబులు రెండు. క్రైస్తవుడైతే ఏ సీటుకూ పనికిరాడని ఒకరంటారు. కుల ధ్రువపత్రం చేతిలో ఉంటే ఎవరూ ఏమీ చేయలేరని మరొకరంటారు. రెండూ తప్పే. మొదటి మాట నమ్మి అర్హత ఉన్నవారు వెనక్కి తగ్గుతున్నారు. రెండో మాట నమ్మినవారు గెలిచిన తర్వాత కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుంది.

వరంగల్ ప్రాంతపు విశ్వాసులకు ఇది దూరపు సంగతి కాదు. 2009 ఎన్నికల నుంచి వరంగల్ లోక్‌సభ స్థానం ఎస్సీలకు రిజర్వు అయింది. దాని పరిధిలోని స్టేషన్ ఘన్‌పూర్, వర్ధన్నపేట అసెంబ్లీ స్థానాలూ ఎస్సీ స్థానాలే. పక్కనున్న మహబూబాబాద్ లోక్‌సభ స్థానం, దాని కిందికి వచ్చే డోర్నకల్, ములుగు, మహబూబాబాద్ అసెంబ్లీ స్థానాలు ఎస్టీలవి. సర్పంచ్ పదవులు, వార్డులు, ఎంపీటీసీ స్థానాల రిజర్వేషన్లు వీటికి అదనం. అంటే మన సంఘ సభ్యుల్లో చాలామంది రిజర్వు స్థానాల్లోనే ఓటర్లు. పోటీ చేయాలన్న ఆశ ఉన్నవారి ముందు నిలిచేదీ ఆ సీట్లే.

ముందుగా అందరికీ వర్తించే నియమాలు చూద్దాం. లోక్‌సభకు, శాసనసభకు పోటీ చేయాలంటే భారత పౌరుడై ఉండాలి, 25 ఏళ్లు నిండాలి, ఓటరు జాబితాలో పేరుండాలి. రాజ్యసభకు, శాసనమండలికి 30 ఏళ్లు. పంచాయతీకి 21. రాజ్యాంగంలోని 102, 191 అధికరణాలు అనర్హతలను చెబుతాయి. ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవారు, మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటించినవారు, కోర్టు దివాళాదారుగా ప్రకటించి ఇంకా విముక్తి ఇవ్వనివారు, పౌరసత్వం లేనివారు, పార్లమెంటు చేసిన చట్టం కింద అనర్హులైనవారు పోటీకి రాకూడదు. వీటిలో మతం ప్రస్తావన ఎక్కడా లేదు. జనరల్ స్థానంలో విశ్వాసి నిలబడవచ్చు, సంఘ పెద్ద నిలబడవచ్చు, పాస్టరుగారూ నిలబడవచ్చు. కాపరి పని చేస్తూ పోటీ చేయడం మంచిదా కాదా అన్నది ఆయా సంఘాలు తేల్చుకోవలసిన సంగతి. చట్టం మాత్రం అడ్డు చెప్పదు.

పంచాయతీ ఎన్నికల్లో ఒక మెలిక ఉంది. ప్రభుత్వ నిధులతో ఎయిడ్ పొందే సంస్థల ఉద్యోగులను పంచాయతీరాజ్ చట్టం పోటీకి అనుమతించదు. ఎయిడెడ్ మిషన్ పాఠశాలల్లో పనిచేసే ఉపాధ్యాయులు దీన్ని గమనించాలి. ఇద్దరు పిల్లల నిబంధన గురించి ఇప్పటికీ అడుగుతున్నారు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంతో వచ్చిన ఆ నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తివేసింది. తెలంగాణ మంత్రివర్గం కూడా దాన్ని తొలగించాలని 2025 అక్టోబరులో నిర్ణయించింది.

నేరశిక్షల సంగతికి వస్తే, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 8వ సెక్షన్ చూడాలి. కేసు పెట్టినంత మాత్రాన, చార్జిషీటు వేసినంత మాత్రాన అనర్హత రాదు. కోర్టు దోషిగా తేల్చాలి. సాధారణ నేరాల్లో రెండేళ్లు లేదా అంతకుమించి జైలుశిక్ష పడితే, శిక్ష పడిన రోజు నుంచి విడుదలైన తర్వాత ఆరేళ్ల వరకు పోటీకి అవకాశం ఉండదు. వరకట్న నిషేధ చట్టం కింద ఆరు నెలల శిక్ష చాలు. మతాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం, ఓటుకు లంచం ఇవ్వడం, అత్యాచారం, భార్యను హింసించడం వంటి నేరాల్లోనైతే జరిమానా మాత్రమే పడినా ఆరేళ్లు అనర్హతే. కట్నం, ఇంట్లో హింస ఈ జాబితాలో ఉన్నాయని మన యువకుల కూడికల్లో చెప్పాలి. అవి మన ఇళ్లలో లేవని అనుకోవడానికి లేదు.

ఒకప్పుడు పదవిలో ఉన్నవారికి మూడు నెలల గడువు ఉండేది. ఆలోగా అప్పీలు వేస్తే పదవి నిలిచేది. 2013 జూలై 10న లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు ఆ వెసులుబాటును కొట్టివేసింది. ఇప్పుడు తీర్పు వచ్చిన రోజే సభ్యత్వం పోతుంది. 2025 మే 6న హైదరాబాద్ సీబీఐ కోర్టు ఓబులాపురం గనుల కేసులో గాలి జనార్దన రెడ్డికి ఏడేళ్ల శిక్ష వేయగానే కర్ణాటక శాసనసభలో గంగావతి సీటు ఖాళీ అయింది. తర్వాత తెలంగాణ హైకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేయడంతో సభ్యత్వం తిరిగి వచ్చింది. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. బెయిలు దొరికి జైలు నుంచి బయటికి వచ్చినంత మాత్రాన అనర్హత పోదు. దోషి అన్న నిర్ణయాన్నే పై కోర్టు నిలిపివేయాలి.

పౌరసత్వం గురించి వేములవాడ కేసు ఉంది. అక్కడి నుంచి పలుమార్లు గెలిచిన చెన్నమనేని రమేశ్ జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు తేల్చి, 30 లక్షల రూపాయలు చెల్లించమంది. విదేశాల్లో స్థిరపడి ఆ దేశపు పాస్‌పోర్టు తీసుకున్న మన బంధువులకు ఓసీఐ కార్డు ఉన్నా పోటీ చేసే హక్కు ఉండదు. అఫిడవిట్‌లో ఆస్తులు దాచడం గురించి కొత్తగూడెం కేసు ఉంది. 2018లో గెలిచిన వనమా వెంకటేశ్వరరావు ఎన్నికను 2023 జూలైలో హైకోర్టు రద్దు చేసింది. సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది గాని, అప్పటికి పదవీకాలం చివరికి వచ్చింది. అయిదేళ్లూ కేసుతోనే గడిచాయి.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం.

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి జారీ చేసిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడవ పేరా ఉంది. హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవారిని షెడ్యూల్డ్ కులానికి చెందినవారిగా పరిగణించరాదని దాని భావం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులు, ముస్లిములు బయటే ఉండిపోయారు. దాని ఫలితం ఇది. మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చి క్రైస్తవ మతం స్వీకరించినవారు ఎస్సీ రిజర్వు స్థానానికి పోటీ చేయడానికి చట్టప్రకారం అర్హులు కారు. మన రాష్ట్రాల్లో వారిని, వారి సంతానాన్ని బీసీ-సీ గ్రూపులో చేర్చారు. పంచాయతీ, మండల, పురపాలక ఎన్నికల్లో బీసీలకు కేటాయించిన స్థానాలకు బీసీ-సీ ధ్రువపత్రంతో నిలబడవచ్చు. శాసనసభకు, లోక్‌సభకు బీసీ రిజర్వు స్థానాలు లేవు గనుక అక్కడ జనరల్ సీటే దారి. ఎస్టీల సంగతి వేరు. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. కోయ విశ్వాసి, లంబాడీ విశ్వాసి బాప్తిస్మం పొందినా ఎస్టీ స్థానంలో నిస్సంకోచంగా నిలబడవచ్చు. ఈ తేడా తెలియక ఏజెన్సీ గ్రామాల్లో మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉత్తపుణ్యానికి భయపడుతున్నారు.

కోర్టులు ఈ మూడవ పేరాను ఎలా అన్వయించాయో చూస్తే సంగతి మరింత తేటపడుతుంది. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ ఎస్సీ స్థానం నుంచి 1967లో ఎస్. రాజగోపాల్ గెలిచారు. ఆదిద్రావిడ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన ఆయన తిరిగి హిందువునయ్యానన్నారు. కోర్టు నమ్మలేదు, ఎన్నిక రద్దయింది. అదే మనిషి 1972లో అదే సీటుకు మళ్లీ పోటీ చేసి గెలిచారు. అదే ప్రత్యర్థి ఆరుముగం మళ్లీ సవాలు చేశారు. ఈసారి ఆయన తిరిగి రావడాన్ని, కులస్థులు ఆయనను తమవాడిగా అంగీకరించడాన్ని 1975లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మరుసటి ఏడాదే గుంటూరు వైద్య కళాశాల కేసు వచ్చింది. మాదిగ కులం నుంచి క్రైస్తవులైన తల్లిదండ్రుల కుమారుడు హిందూ మతంలోకి వెళ్లి ఎస్సీ కోటాలో సీటు అడిగారు. కులం అతణ్ని తిరిగి చేర్చుకుంటే ఎస్సీ హోదా వస్తుందని కోర్టు తీర్పు చెప్పింది. తర్వాతి తీర్పులన్నీ ఈ రెంటి చుట్టూనే తిరిగాయి. మతం మారితే హోదా పోతుంది. తిరిగి వెళ్లి, కులం అంగీకరిస్తే వస్తుంది. పేరుకు మాత్రం తిరిగి వెళ్లామంటే కోర్టు ఒప్పుకోదు.

2024 నవంబరు 26న సుప్రీంకోర్టు సెల్వరాణి కేసులో ఈ చివరి మాట మరీ గట్టిగా చెప్పింది. పుదుచ్చేరికి చెందిన ఆమె పసితనంలోనే బాప్తిస్మం పొందారు, క్రమంగా చర్చికి వెళ్తున్నారు. ఉద్యోగం కోసం మాత్రం హిందువునంటూ ఎస్సీ ధ్రువపత్రం అడిగారు. నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని కోర్టు భావించింది.

కేరళలోని దేవికుళం కేసు మన సంఘాలకు ఇంకా దగ్గరిది. అది ఎస్సీ స్థానం. 2021లో గెలిచిన ఎ. రాజా క్రైస్తవుడని ఓడిన అభ్యర్థి పిటిషన్ వేశారు. అక్కడి సీఎస్‌ఐ సంఘపు బాప్తిస్మపు రిజిస్టరు, కుటుంబ రిజిస్టరు, సమాధుల రిజిస్టరు కోర్టుకు సాక్ష్యంగా వెళ్లాయి. పెళ్లి ఫొటోలూ వెళ్లాయి. 2023 మార్చిలో కేరళ హైకోర్టు వాటిని నమ్మి ఎన్నిక రద్దు చేసింది. 2025 మే 6న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి రాజా ఎన్నికను నిలబెట్టింది. గెలిచినా ఓడినా, అంత పెద్ద వ్యాజ్యం నడిచింది ఒక కొండ ప్రాంతపు సంఘం బీరువాలో ఉండే పుస్తకాల మీద. ఆ పుస్తకాలు రాసిన సంఘ కార్యదర్శులు ఇది ఊహించి ఉండరు.

దీనికి అవతలి వైపు కూడా చెప్పాలి. ప్రార్థనకు వచ్చినవారందరూ మతం మారినవారు కారు. భర్త క్రైస్తవుడైనంత మాత్రాన భార్య క్రైస్తవురాలైపోదు. తమిళనాడులో ఒక వైద్యురాలు క్రైస్తవుణ్ని పెళ్లాడారని, ఆమె క్లినిక్ గోడకు సిలువ ఉందని అధికారులు ఆమె ఎస్సీ ధ్రువపత్రం రద్దు చేస్తే, 2021లో మద్రాసు హైకోర్టు ఆ రద్దును కొట్టివేసి అధికారులను మందలించింది. స్వస్థత కూటానికి వచ్చారనో, క్రిస్మస్ నాడు కేకు కోశారనో ఒకరి అర్హత మీద దుమారం రేపితే అది చట్టం ముందు నిలవదు.

మా అభిప్రాయం దాచుకోము. ఆ మూడవ పేరా అన్యాయమైనదని మేము నమ్ముతున్నాం. బాప్తిస్మపు నీళ్లు పాపాన్ని గురించిన సాక్ష్యమే గాని, ఊళ్లో ఆ మనిషిని చూసే చూపును అవి కడగలేదు. వాడ వాడగానే ఉంది. కొన్ని చోట్ల సమాధుల దగ్గరా ఆ గీత చెరగలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరాను తొలగించమని సిఫారసు చేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. 2004లో సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ ఏళ్ల తరబడి వాయిదాల్లోనే నడిచింది.

అన్యాయమైన చట్టాన్ని మార్చమని అడగడం ఒకటి. దాని కింద అబద్ధపు ప్రమాణం చేయడం వేరొకటి. ఎస్సీ స్థానానికి నామినేషన్ వేసే అభ్యర్థి తన కులాన్ని పేర్కొని ప్రకటన ఇవ్వాలి. ఆదివారం బల్లలో పాలుపొంది, సోమవారం రిటర్నింగ్ అధికారి ముందు అందుకు విరుద్ధమైన కాగితం మీద సంతకం చేసే సోదరుణ్ని మేము తీర్పు తీర్చలేము. అతని వెనుక ఉద్యోగం, పిల్లల చదువు, ఒక్కోసారి అట్రాసిటీ కేసులో దొరికే రక్షణ ఉంటాయి. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మతం మారినవారికి ఆ రక్షణ కూడా వర్తించదని తీర్పు ఇచ్చింది. కాబట్టి భయానికి కారణం ఉంది. అయినా పెద్దలు ఆ సోదరుడి దగ్గర కూర్చుని, జనరల్ సీటు, బీసీ సీటు అన్న తెరిచిన దారులు చూపించాలి. "పేరు రిజిస్టరులో రాయకుండా బాప్తిస్మం ఇవ్వండి", "పాత పేజీ మార్చండి" అని అడిగితే కాపరి ఒప్పుకోకూడదు. రాసి ఉన్నదాన్ని దిద్దితే అతనికి మేలు జరగదు. దిద్దిన సిరా కోర్టులో మరింత బాగా కనిపిస్తుంది.

ఇక రెండో ప్రమాదం ప్రసంగ వేదిక దగ్గర ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ఎన్నికల్లో అవినీతి చర్యలు ఏవో చెబుతుంది. మతం పేరుతో ఓటు అడగడం వాటిలో ఒకటి. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరుతో అడిగినా అంతేనని 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అభిరామ్ సింగ్ కేసులో నలుగురి మెజారిటీతో తీర్పు చెప్పింది. "మన సంఘపువాడు, మనవాళ్లంతా వేయండి" అనే మాట దీని కిందికి వస్తుంది. అదే సెక్షన్‌లో మరో భాగం పాస్టర్లు తప్పక తెలుసుకోవాలి. ఫలానా విధంగా ఓటు వేయకపోతే దేవుని ఆగ్రహం వస్తుందనో, ఆత్మీయ దండన తప్పదనో ఓటరును నమ్మించడం అనుచిత ఒత్తిడి. 1959లోనే రాందయాల్ కేసులో, నామ్‌ధారీ సిక్కుల గురువు తన అనుచరులకు ఫలానా అభ్యర్థికి ఓటు వేయమని ఆజ్ఞాపించినందుకు పంజాబులో సిర్సా ఎన్నిక రద్దును సుప్రీంకోర్టు సమర్థించింది. గురువు మాట శిష్యుడికి సలహాలా వినిపించదు, ఆజ్ఞలా వినిపిస్తుందన్నది అక్కడి తర్కం. మన దైవజనుల మాట పల్లె సంఘాల్లో ఎలా వినిపిస్తుందో మనకు తెలియనిది కాదు.

అభ్యర్థి గాని అతని ఏజెంటు గాని ఇలా చేసినా, వారి సమ్మతితో మరొకరు చేసినా ఎన్నిక రద్దవుతుంది. అంతటితో ఆగదు. ఆ చర్యకు పాల్పడిన ప్రతి వ్యక్తి పేరునూ, నోటీసు ఇచ్చి విచారించాక, కోర్టు తన ఉత్తర్వులో చేర్చాలి. అలా పేరు చేరినవారిని రాష్ట్రపతి, ఎన్నికల సంఘం అభిప్రాయం ప్రకారం, ఆరేళ్ల వరకు అనర్హులను చేయవచ్చు. ఆ కాలమంతా ఓటు హక్కు కూడా ఉండదు. ముంబయి విలేపార్లే ఉపఎన్నికలో బాల్ ఠాక్రే అభ్యర్థి కాదు, ప్రసంగాలు చేశారంతే. 1995లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆయన ఆరేళ్లు ఓటు హక్కు కోల్పోయారు.

1988లో వచ్చిన మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. మందిర ఆవరణను, నిధులను, కూడికలను రాజకీయ ప్రచారానికి వాడనివ్వడం నేరం. అయిదేళ్ల వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా. శిక్షపడిన నిర్వాహకుడు సంస్థలోని పదవి నుంచి తొలగిపోతాడు, ఆరేళ్లు ఏ మత సంస్థలోనూ పదవి చేపట్టకూడదు. పైగా ఈ చట్టం కింద శిక్ష పడితే 8వ సెక్షన్ ప్రకారం ఎన్నికల్లోనూ అనర్హతే. అభ్యర్థులు ఆరాధనకు రావడం తప్పు కాదు. అందరిలాగే వచ్చి, అందరితో కూర్చుని, ఆశీర్వాదం తీసుకుని వెళ్లవచ్చు. మైకు చేతికిస్తే చిక్కు మొదలవుతుంది. పార్టీ కండువాతో పాస్టరుగారు కలిసి దిగిన ఫొటో కరపత్రం మీదికి ఎక్కితే అదీ సాక్ష్యమే. దేశం కోసం, పాలకుల కోసం, నిజాయితీ గల ఎన్నికల కోసం పేర్లు చెప్పకుండా ప్రార్థించడానికి ఏ అడ్డంకీ లేదు.

గడువుల విషయం కూడా చెప్పాలి. నామినేషన్ల పరిశీలన రోజున ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. రిటర్నింగ్ అధికారి అక్కడికక్కడే క్లుప్త విచారణ చేసి నిర్ణయిస్తారు. అసెంబ్లీ, లోక్‌సభ ఫలితం వచ్చాక 45 రోజుల్లోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. పంచాయతీ ఎన్నికలకైతే ఎన్నికల ట్రిబ్యునల్ ఉంటుంది. కుల ధ్రువపత్రం మీద ఫిర్యాదుకు ఆ 45 రోజుల హద్దు వర్తించదు. 1993 నాటి కుల ధ్రువపత్రాల చట్టం కింద కలెక్టర్ ఎప్పుడైనా విచారించి, తప్పుడుదని తేలితే రద్దు చేయవచ్చు. బాప్తిస్మపు రిజిస్టరు కోసం కోర్టు సమన్లు వస్తే అసలు పుస్తకమే చూపించాలి. నకలు తీసి సంఘం దగ్గర ఉంచుకోవాలి. ఏ సమన్లూ లేకుండా పోటీ అభ్యర్థి మనుషులు రాత్రిపూట వచ్చి పేజీల ఫొటోలు తీసుకుంటామంటే మాత్రం, ఎంత దగ్గరివారైనా, బీరువా తాళం తీయనక్కరలేదు.